అమ్మకి మోకాలు మార్పిడి ఆపరేషన్, ఇన్ఫెక్షన్ రాకుండా మేమేం చేయాలి?

పెద్దకూతురు:
వచ్చే వారం అమ్మకి మోకాలు మార్పిడి. ఆపరేషన్ కంటే ఇన్ఫెక్షన్ అంటేనే నాకు భయం, మా బాబాయికి హెర్నియా కుట్లు చీము పట్టి నెలన్నర మంచం మీదే ఉన్నాడు. అమ్మకి షుగర్ కూడా ఉంది. ముందురోజు రాత్రి కాలు రేజర్‌తో నున్నగా గీసి తీసుకెళ్లమని అత్త అంటోంది, చేయొచ్చా? ఇంకా ఏం చూసుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓటీసిస్టర్:
రేజర్ మాత్రం వద్దండి, దయచేసి. ఓటీలో (ఆపరేషన్ థియేటర్) పనిచేస్తా నేను, ఇంట్లో గీసుకొచ్చిన కాళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కంటికి కనపడని గాట్లు పడతాయి, రాత్రంతా వాటిల్లో బ్యాక్టీరియా పెరుగుతుంది, పొద్దున మేం ఎంత మందు పూసినా పూర్తిగా పోదు. డబ్ల్యూహెచ్ఓ 2016 గైడ్‌లైన్స్‌లో కూడా వెంట్రుకలు వదిలేయమనే ఉంది, మరీ తప్పదంటే క్లిప్పర్‌తో కత్తిరించాలి, అది మేం చూసుకుంటాం. మీరు సబ్బుతో శుభ్రంగా స్నానం చేయించండి చాలు, తర్వాత కాలికి క్రీమూ పౌడరూ రాయొద్దు. షుగర్ ఇప్పటినుంచే కంట్రోల్‌లో పెట్టండి, ఎక్కువుంటే తెల్లకణాలు సరిగా పోరాడలేవు, గాయం మానదు. ఇంకోటి, కాలి మీద పుండు, పంటి చీము, మూత్రంలో మంట ఏదున్నా ముందే చెప్పండి. డేట్ వాయిదా పడుతుందని చాలామంది దాచేస్తారు, అక్కణ్ణుంచి క్రిములు రక్తంలోకెళ్లి కొత్త కీలు మీద కూర్చుంటే మళ్లీ తెరవాల్సి రావచ్చు.

పెద్దకూతురు:
థ్యాంక్స్ సిస్టర్. ఒక డౌట్, బాబాయికి తర్వాత పది రోజులు యాంటీబయాటిక్ వాడారు, అయినా చీము పట్టిందే?

ఆర్థోజూనియర్:
కోత పెట్టేటప్పటికే మందు కండలో ఉండాలి, అందుకే మామూలుగా కోతకి ముందు గంట లోపు ఐవీలో, అంటే నేరుగా రక్తనాళంలోకి, ఇస్తారు. అసలు పని ఆ డోసుదే. కుట్లు వేశాక రోజుల తరబడి పొడిగిస్తే ఇన్ఫెక్షన్ తగ్గదు, మందుకి లొంగని క్రిములు పెరుగుతాయి, కొందరికి సీ-డిఫ్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకుంటాయి, దాని స్పోర్లు (గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి) చేతులకి రాసుకునే ఆల్కహాల్ హ్యాండ్‌రబ్‌కి చావవు, చేతులు సబ్బూ నీళ్లతోనే కడగాలి. ఇంటికొచ్చాక ఎరుపు పాకుతున్నా, గాయం కారుతున్నా, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి, ఆ తర్వాత శాంపిల్ తీస్తే ఏ క్రిమో దొరక్కపోవచ్చు. ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు) కాబట్టి 90 రోజులు కన్నేసి ఉంచండి.

మూడోబెడ్:
మా నాన్నకి మూత్రం పైపు ఐదురోజులు అలాగే ఉంచేశారు, ఎవరం అడగలేదు, జ్వరం వచ్చాక తీశారు. పైపు ఉన్న ప్రతి రోజూ రిస్క్ పెరుగుతుందట, మాకు తెలీదు. కాబట్టి రోజూ పొద్దున రౌండ్స్‌లో ఇది ఇంకా కావాలా డాక్టర్ అని అడగండి, మొహమాటపడకండి. ఎవరైనా గాయం ముట్టుకోబోతే చేతులు శుభ్రం చేసుకున్నారా అని కూడా అడగొచ్చు, మంచివాళ్లెవరూ ఏమీ అనుకోరు. జలుబూ దగ్గూ ఉన్న చుట్టాల్ని మాత్రం ఇంటిదగ్గరే ఆపేయండి.

పెద్దకూతురు:
అందరికీ చాలా థ్యాంక్స్. రేజర్ సంగతి అత్తకి చెప్పేశా. పళ్ల గురించి ఇప్పుడే అమ్మని అడిగితే రెండు వారాలుగా కింద దవడ పన్ను సలుపుతోందట, ఆపరేషన్ ఆపేస్తారని చెప్పలేదట. రేపు పొద్దున్నే సర్జన్‌కి ఫోన్ చేస్తున్నా.