ఒంటరిగా పోయినప్పుడు ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే) బండి ఇసుకలో దిగబడితే తీసేది ఎట్టా?

పెన్నా_ఇసుక:
నెల్లూరు వైపు మైపాడు, కోడూరు, ఇటు ఒంగోలు వైపు కొత్తపట్నం, పాకల తీరాలకు ఒక్కరే బండేసుకుని పోయేవాళ్ళున్నారు. రెండో బండి ఉండదు, వించ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) ఉండదు. దిగబడితే వరసగా ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు రాయండి.

సర్వితోపు:
ముందు యాక్సిలరేటర్ మీద కాలు తియ్యాలి. చక్రం గిర్రున తిరిగి బండి కదల్లేదంటే అక్కడితో ఆపెయ్యాలి. ఇంకో నాలుగు చుట్లు తిరిగితే టైరు తన గుంత తానే తవ్వుకుంటుంది, డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ కిందికి ఉండే గేర్ల డబ్బా) ఇసుక మీద కూర్చుంటుంది. బరువు చక్రాల మీద లేకపోతే 'ఫోర్ లో' (నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేసినా ఉపయోగం లేదు.

దిగి నాలుగు టైర్లలో గాలి 15 పీఎస్‌ఐకి (టైరు గాలి ఒత్తిడి కొలత) దించండి. టైరు పొడవునా పరుచుకుని బండిని మోస్తుంది. తర్వాత పార. అందరూ టైర్ల ముందే తవ్వుతారు, అది తప్పు. మొదట బండి కడుపు కింద ఇసుక లాగెయ్యాలి, ఆ తర్వాతే ఒక్కో టైరుకీ పోయే దిక్కున ఏటవాలుగా దారి చెయ్యాలి. వచ్చిన జాడలోనే వెనక్కి పోవడం మేలు, ఆ ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది. స్టీరింగ్ సూటిగా, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే బలం తగ్గించే ఏర్పాటు) ఆఫ్, గేరు 'ఫోర్ లో'. కదిలాక గట్టి నేల వచ్చేదాకా ఆపొద్దు.

పెన్నా_ఇసుక:
అన్నా, 15తో కూడా రాకపోతే?

సర్వితోపు:
12 దాకా దించొచ్చు. అప్పుడు స్టీరింగ్ తిప్పుడు మెల్లగా ఉండాలి, లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు దాన్ని మళ్ళీ ఎక్కించడం చాలా కష్టం.

తాటాకు:
ట్రాక్షన్ బోర్డులు (పట్టు కోసం టైరు కింద పెట్టే పలకలు) లేకపోతే ఈ తీరంలో తాటాకులు దొరుకుతాయి. కాడ నరికెయ్యండి, దాని అంచున రంపం పళ్ళుంటాయి, గాలి తగ్గిన టైరు పక్కగోడకు గుచ్చుకుంటాయి. ఆకు భాగమే టైరు కిందికి బాగా దూర్చాలి. తడిపిన గోనె సంచులైనా సరే.

రేగడి:
ఇదంతా ఇసుకకే. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో గాలి దించినా పెద్దగా లాభం లేదు. బురద టైరు గాడుల్లో నిండిపోయి పట్టు పోతుంది, పైగా చక్రాన్ని కిందికి పీల్చి పట్టుకుంటుంది. టైరు పక్కన తవ్వి గాలి పోనిస్తే ఆ పట్టు వదులుతుంది. ఇసకపల్లి ఉప్పు మడుల వైపు ఇంకా జాగ్రత్త: పైన తెల్లగా గట్టిగా కనపడుతుంది, కింద మెత్తటి బురద. ముందు దిగి నడవండి. మడమ దిగబడితే బండి పోనివ్వొద్దు.

లంగరు:
చేతి వించ్ ఉన్నా బీచిలో కట్టడానికి చెట్టుండదు. స్టెప్నీనే లంగరు చేసుకోవచ్చు. లాగే దిక్కుకి అడ్డంగా మూడడుగుల లోతు గుంత తవ్వి చక్రాన్ని నిలువుగా దించాలి. రిమ్ము నడిమి బొక్కలోంచి పట్టీ దూర్చి, వెనక నుంచి ఇనుప కడ్డీ అడ్డం పెట్టాలి. పట్టీ బయటికొచ్చే చోట బండి వైపు సన్నటి కాలవ తియ్యండి. అది లేకపోతే లాగుడు పైకి పడి చక్రం ఊడి వచ్చేస్తుంది. గుంత పూడ్చి గట్టిగా తొక్కాలి. తాడు మీద తడి గోనె వెయ్యండి, లాగేటప్పుడు తాడు వరసలో నిలబడొద్దు.

పెన్నా_ఇసుక:
బండి వెనక ట్రైలర్ తగిలించే గుండుకి కట్టొచ్చా?

లంగరు:
వద్దు. అది విరిగితే తూటాలా వస్తుంది, దానితో ప్రాణాలు పోయాయి. చాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) బిగించిన హుక్కుకే కట్టాలి.

కొత్తపట్నం_అల:
తడి ఇసుకలో దిగబడితే మొదట చూడాల్సింది సముద్రం. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు. పోటు ఎక్కుతుంటే పార పట్టకముందే దగ్గర పల్లెలో ట్రాక్టర్‌కి కబురు పెట్టండి. ట్రాక్టర్ లాగేటప్పుడు తాడు బిగిసేదాకా మెల్లగా రావాలి, జర్కు ఇవ్వనివ్వొద్దు. ఎగ్జాస్ట్ గొట్టం ఇసుకలోనో నీళ్ళలోనో మునిగితే ఇంజన్ ఆపెయ్యండి, పొగ లోపలికొస్తుంది. ఇంకో మాట: జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, అలకి పైనుండే పొడి ఇసుక మీద రాత్రిపూట బండి తోలొద్దు.

సర్వితోపు:
గట్టి నేల మీదికి వచ్చాక ఇంజన్ ఆన్‌లో పెట్టి 12 వోల్టుల కంప్రెసర్‌తో గాలి ఎక్కించండి. అది ఎక్కేదాకా 20 కిలోమీటర్ల వేగం దాటొద్దు. అదే రోజు కింది భాగమంతా, బ్రేకులతో సహా మంచినీళ్ళతో కడగండి.