ట్రావిస్ సరస్సు ఒడ్డు స్కూబా శిక్షణకు అనువుగా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

టెక్సస్‌లోని ఆస్టిన్ దగ్గర ట్రావిస్ సరస్సులో, మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ పార్కు ఒడ్డు నుంచి కొత్తవారికి ఓపెన్ వాటర్ (సరస్సు, సముద్రం వంటి సహజ జలాల్లో ఇచ్చే తొలి స్థాయి స్కూబా) శిక్షణ ఇచ్చే బోధకుడికి సహాయకుడిగా స్థలాన్ని పరిశీలిస్తున్నాను. సరస్సు నిండినా నీటిమట్టం సముద్రమట్టానికి 681 అడుగులే కనుక ఎత్తు ప్రదేశాల డైవింగ్ లెక్కలతో (గాలి పీడనం తక్కువగా ఉండే చోట డైవ్ పరిమితుల సవరణతో) పని లేదు. నా చిక్కంతా ఆ మట్టం నిలకడగా లేకపోవడంతోనే. కరవు ఏళ్లలో నీరు పదుల అడుగులు తగ్గితే, నీటిలో అమర్చిన శిక్షణ వేదికల లోతూ, బరువైన సిలిండర్లతో సున్నపురాళ్ల మీదుగా దిగే దారీ మారిపోతాయి. తొలి రెండు డైవ్‌లలో 12 మీటర్లు దాటకుండా, అడుగున బురద రేగకుండా అభ్యాసం చేయించాలంటే, ఆనాటి మట్టంతో పాటు మీరు ముందుగా ఏమేం చూస్తారు? నీటిలో ఎంత దూరం కనబడకపోతే డైవ్ మానుకుంటారు? వారాంతపు పడవల రద్దీ నన్ను మరీ భయపెడుతోంది. అక్కడ దిగిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.