వేడెక్కాక ఆగిపోతున్న పాత కారు: బానెట్ కింద ఒక చప్పుడు, సైలెన్సర్‌లో మరొకటి

ప్రశ్న

నా దగ్గర కార్బ్యురేటర్, కాంటాక్ట్ పాయింట్లతో (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే స్విచ్చుతో) నడిచే నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ కారు ఉంది. నాన్నగారు ఎంతో జాగ్రత్తగా వాడిన బండి కావడం వల్ల దాన్ని వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు. చల్లగా ఉన్నప్పుడు చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది, మొదటి 20 నిమిషాలు ఏ లోపమూ కనిపించదు. ఇంజను పూర్తిగా వేడెక్కాక మాత్రం ఐడ్లింగ్ తడబడుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బానెట్ కింద ఫట్‌మని, కాలు తీసేస్తే వెనక సైలెన్సర్‌లో ఢామ్మని బ్యాక్‌ఫైర్ కొడుతుంది. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఒక 15 నిమిషాలు వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది.

రెండు నెలలుగా ఇదే తంతు. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ మార్చాను, కార్బ్యురేటర్ విప్పించి జెట్లు శుభ్రం చేయించాను. ఇప్పుడు ఒకరు పెట్రోల్ పంపు మార్చమంటున్నారు, మరొకరు కాయిల్ (స్పార్క్‌కు కావలసిన వేల వోల్టులు పుట్టించే చుట్ట) మార్చమంటున్నారు. ఊహ మీద ఇంకో భాగం మార్చే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ముందుగా భాగాలు మార్చడం ఆపండి. బాగా నడుస్తున్నప్పుడు బండిని ఎంత పరీక్షించినా ఏమీ దొరకదు, ఎందుకంటే మీ బండిలోని లోపం వేడికి బయటపడి చల్లారగానే దాక్కునే రకం. అది ఆగిపోయిన తర్వాతి రెండు మూడు నిమిషాలే మీకు దొరికే అసలైన సమయం, ఆ సమయంలో తేలవలసింది ఒక్కటే: స్పార్క్ పోయిందా, పెట్రోల్ పోయిందా?

దానికి ఒక పాత ప్లగ్గు, ఇన్సులేషన్ పిడి ఉన్న పట్టకారు, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. బండి ఆగిన వెంటనే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, సెల్ఫ్ కొట్టకుండా, కార్బ్యురేటర్ నోట్లోకి చూస్తూ థ్రాటిల్‌ను చేత్తో ఒకసారి పూర్తిగా తిప్పండి. లోపల సన్నని పెట్రోల్ ధార చిమ్మితే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టే. ధార లేకపోతే ట్యాంకు మూత తెరిచి చూడండి. మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు పెట్రోల్‌ను లాగలేదు, అలాంటప్పుడు మూత తెరవగానే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత మళ్లీ బిగించి, కార్బ్యురేటర్‌కు దూరంగా పాత ప్లగ్గును ఇంజను లోహానికి ఆనించి, దానికి ఒక ప్లగ్ వైరు తగిలించి సెల్ఫ్ కొట్టించండి. చుట్టుపక్కల పెట్రోల్ తడి ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ఈ పరీక్ష చేయకండి. స్పార్క్ నీలంగా, టపటపమని చప్పుడుతో వస్తే మంచిది. పసుపుగా, దారంలా సన్నగా వచ్చినా, మధ్యమధ్య మానేసినా లోపం ఇగ్నిషన్‌లో ఉన్నట్టు.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపిన విషయం మరొకటి ఉంది. రెండు చప్పుళ్లనూ కలిపి ఒకే జబ్బుగా చెప్పారు, కానీ అవి పుట్టే తీరు వేరు. సైలెన్సర్‌లో పేలుడు సాధారణంగా మిస్‌ఫైర్‌కు గుర్తు: ఏదో సిలిండర్‌లో స్పార్క్ తప్పితే అక్కడ కాలకుండా బయటికి వచ్చిన పెట్రోల్, తర్వాత వచ్చే వేడి పొగకు సైలెన్సర్‌లో అంటుకుంటుంది. కార్బ్యురేటర్ వైపు ఫట్‌మనడానికి ఎక్కువసార్లు కారణం మిక్చర్‌లో పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువ కావడం. అలాంటి మిక్చర్ నెమ్మదిగా కాలుతుంది, ఇన్‌టేక్ వాల్వు మళ్లీ తెరుచుకునే వేళకు కూడా మంట మిగిలి ఉంటే అది మానిఫోల్డ్‌లోని (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టంలోని) తాజా మిక్చర్‌ను అంటించి వెనక్కి తంతుంది. రెంటికీ మూలం ఒకటే కావచ్చు, కాకపోనూ వచ్చు.

రెండవ జవాబు

పైన చెప్పిన పరీక్ష చేయండి, కానీ నా అనుమానం కండెన్సర్ మీద. నా బండి అచ్చంగా ఇలాగే ఒక వేసవి అంతా నన్ను రోడ్డు పక్కన నిలబెట్టింది.

పాయింట్లు తెరుచుకునే క్షణంలో కాయిల్ ప్రైమరీ కరెంటు ఒక్కసారిగా తెగాలి, అప్పుడే సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. ఆ క్షణంలో కరెంటు పాయింట్ల మధ్య నిప్పురవ్వగా దూకకుండా తనలోకి తీసుకునేది కండెన్సర్. దాని విలువ చాలా బండ్లలో 0.2 మైక్రోఫారడ్‌కు అటూ ఇటూగా ఉంటుంది. వయసు మీరిన కండెన్సర్ చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కాక లోపలి ఇన్సులేషన్ బలహీనపడి చేతులెత్తేస్తుంది. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచే భాగం, పాయింట్లు ఉండేది ఇందులోనే) మూత తీసి పాయింట్లను వేరు చేసి చూడండి. ఒక ముఖం మీద చిన్న గుట్ట, రెండో ముఖం మీద అంతే గుంట, చుట్టూ నీలిరంగు మచ్చ కనిపిస్తే నా మాట నిజమైనట్టే. అయితే కొత్త కండెన్సర్ పెట్టేటప్పుడు దాని ఒంటికి, డిస్ట్రిబ్యూటర్‌కు మధ్య తుప్పు, రంగు లేకుండా గీకి బిగించండి, ఎర్త్ సరిగా అందకపోతే కొత్తది కూడా పాతదానిలాగే ప్రవర్తిస్తుంది.

వేడికి ఇలాగే మొండికేసేది కాయిల్ కూడా. కండెన్సర్ మార్చాక కూడా స్పార్క్ పసుపుగానే ఉంటే అప్పుడు కాయిల్ సంగతి చూడవచ్చు.

మూడవ జవాబు

కండెన్సర్ వాదన బలంగానే ఉంది, కానీ కార్బ్యురేటర్ వైపు చప్పుడును అది ఒక్కటే వివరిస్తుందని నేను అనుకోను. మీకు ఒక ప్రశ్న: ఆ ఫట్‌మనే చప్పుడు మొదటినుంచీ ఉందా, లేక కార్బ్యురేటర్ విప్పి మళ్లీ బిగించిన తర్వాత మొదలైందా?

దీనికి విప్పదీత ఏదీ అక్కరలేని పరీక్ష ఒకటి ఉంది. ఇంజను బాగా వేడిగా ఉండగా ఒక ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కి చూసి, తర్వాత చోక్‌ను సగం లాగి, అదే ఎత్తు మీద, అదే గేరులో మళ్లీ తొక్కి చూడండి. మామూలుగా వేడి ఇంజనుకు చోక్ లాగితే మొద్దుబారి నల్లపొగ వదులుతుంది. దానికి బదులు చప్పుడు తగ్గి లాగుడు మెరుగుపడితే ఎక్కడో దొంగగాలి (కార్బ్యురేటర్ దారిన కాకుండా ఏదో సందులోంచి దూరే గాలి) లోపలికి పోతున్నట్టు. అప్పుడు ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా కార్బ్యురేటర్ అడుగు ప్యాకింగ్, మానిఫోల్డ్ అతుకులు, బ్రేక్ బూస్టర్ గొట్టం మీద స్ప్రే సీసాతో కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ చెవి పెట్టి వినండి, లీకు ఉన్నచోట నీరు తగలగానే ఇంజను చప్పుడు మారుతుంది. కొందరు ఇందుకు పెట్రోల్ గానీ, మండే స్ప్రే గానీ వాడతారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన ఆ పని చేయకండి, అది ఇంజనునే తగలబెట్టగలదు.

ఇవేవీ కాకపోతే టాపెట్లు (వాల్వులను నొక్కి తెరిచే భాగాలు) చూడాలి. గ్యాపు మరీ బిగుతుగా ఉంటే వేడికి వాల్వు కాడ వ్యాకోచించి వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇన్‌టేక్ వాల్వు అలా తెరిచి ఉంటే మంట కార్బ్యురేటర్‌లోకే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మూడవ జవాబు చదివి డైరీ తిరగేశాను. మొదట మొదలైంది ఆగిపోవడం, సైలెన్సర్ చప్పుడు మాత్రమే. బానెట్ కింద ఫట్‌మనడం కార్బ్యురేటర్ విప్పించిన వారం నుంచే ఉంది. రెండు నెలలుగా ఈ తేడా నా దృష్టికి రాలేదు.

నిన్న కావాలనే ఆగిపోయేదాకా తోలాను. ఆగిన వెంటనే మూత తీసి థ్రాటిల్ తిప్పితే ధార బలంగా చిమ్మింది. మా మేనల్లుడు సెల్ఫ్ కొడుతుంటే ప్లగ్గు చూశాను: పసుపురంగు సన్నని పోగు, నాలుగుసార్లకు ఒకసారి అదీ లేదు. డిస్ట్రిబ్యూటర్ తెరిస్తే పాయింట్ల మీద చెప్పినట్టే గుట్ట, గుంట, నీలి మచ్చ. పాయింట్లు, కండెన్సర్ రెండూ మార్చి, పుస్తకంలో ఉన్న ప్రకారం 0.4 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకుతో) గ్యాపు పెట్టాను. ఈరోజు గంటన్నర తోలాను, ఒక్కసారి కూడా ఆగలేదు, సైలెన్సర్ నిశ్శబ్దంగా ఉంది. కానీ ఎత్తు మీద ఫట్‌మనడం అలాగే ఉంది, చోక్ సగం లాగితే మాత్రం పూర్తిగా మాయమైంది.

మూడవ జవాబు రాసినవారు

అయితే కార్బ్యురేటర్ అడుగునే వెతకండి. విప్పి బిగించేటప్పుడు పాత ప్యాకింగే మళ్లీ వేయడం, లీకు ఆపాలని నట్లను అతిగా బిగించడం చాలాచోట్ల జరుగుతుంది. కార్బ్యురేటర్ ఒళ్లు మెత్తని లోహం కాబట్టి అతిగా బిగిస్తే నట్లు పట్టే రెండు చెవులూ కిందికి వంగి మధ్య భాగం పైకి లేస్తుంది, ఆ తర్వాత ఎంత బిగిస్తే అంత ఎక్కువ గాలి పోతుంది. కార్బ్యురేటర్ తీసి దాని అడుగున తిన్నని స్కేలు నిలబెట్టి వెలుతురుకు పట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు

నీళ్లు చల్లగానే కార్బ్యురేటర్ ఎడమ అంచు దగ్గర ఇంజను చప్పుడు మారింది. తీసి స్కేలు పెడితే మధ్యలో గోరు అంచంత వెలుతురు కనిపించింది. మందపాటి గాజుపలక మీద సన్నరకం ఎమరీ కాగితం పరిచి, కార్బ్యురేటర్ అడుగును దాని మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దాను. మొదట రెండు చెవుల చివరలే మెరిశాయి, చాలాసేపటికి గానీ ముఖమంతా ఒకే మెరుపుకు రాలేదు. రజను పూర్తిగా కడిగి, కొత్త ప్యాకింగ్ వేసి, రెండు నట్లనూ మార్చిమార్చి కొద్దికొద్దిగా బిగించాను. మిక్చర్ స్క్రూ మళ్లీ సరిచేశాక అదే ఎత్తు మీద అదే గేరులో తొక్కితే బండి చోక్ లేకుండానే లాగింది, చప్పుడు లేదు. మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మొదటి జవాబు రాసినవారు

చాలా సంతోషం. ఒక పని మాత్రం మిగిలింది. పాయింట్ల గ్యాపు మారితే టైమింగ్ (స్పార్క్ పడే వేళ) కూడా మారుతుంది కాబట్టి టైమింగ్ లైటుతో ఒకసారి సరిచూడండి. కొత్త పాయింట్లలో డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మీద ఆనే ఫైబర్ మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కాస్త అరుగుతుంది, దాంతో గ్యాపు తగ్గి టైమింగ్ వెనకబడుతుంది. అప్పుడు మళ్లీ ఫీలర్ గేజ్ పెట్టి చూసి, డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మీద గ్రీజు పలుచగా, వేలితో తుడిచినట్టు మాత్రమే రాయండి. ఎక్కువైతే అది వేడికి ఎగిరి పాయింట్ల మీదే పడుతుంది.