గిన్నె పంచా, గిన్నెడు పంచా? పీటర్ జెఫర్సన్ క్రయపత్రంలో ఒక ‘డు’ గురించి

రివన్నా తీరం:
చిన్నప్పుడు ఒక పాత వారపత్రికలో చదివిన వాక్యం నెల రోజులుగా నన్ను వదలడం లేదు. అది అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తండ్రి పీటర్ జెఫర్సన్ మీద రాసిన వ్యాసం. 1736లో వర్జీనియాలో రివన్నా నది ఒడ్డున తన స్నేహితుడు విలియం రాండాల్ఫ్ దగ్గర అతను 200 ఎకరాలు కొన్నాడని, పత్రంలో వెలగా డబ్బుకు బదులు హెన్రీ వెదర్‌బర్న్ గిన్నెల్లోకెల్లా పెద్దదాని ‘అరక్ పంచ్’ను, అంటే అరక్ అనే మద్యంలో నిమ్మరసం, పంచదార వంటివి కలిపిన పానీయాన్ని, రాసుకున్నారని అందులో ఉంది. వెదర్‌బర్న్ విలియమ్స్‌బర్గ్‌లో పూటకూళ్ళ ఇల్లు నడిపినవాడు. సంగతంతా గుర్తుంది కానీ, చివర ‘పెద్ద గిన్నె సారా పంచ్‌కు’ అని ఉందో, ‘పెద్ద గిన్నెడు సారా పంచ్‌కు’ అని ఉందో ఎంత తలుచుకున్నా తేలడం లేదు. ఒక్క అక్షరమే అయినా, ఆ అక్షరాన్ని బట్టి రాండాల్ఫ్ చేతికి ఏం వచ్చిందన్నది మారిపోతుంది కదా. మీరైతే ఏది రాస్తారు?

తెనాలి దస్తావేజు లేఖరి:
నిస్సందేహంగా ‘గిన్నెడు’. ముప్పై ఏళ్ళు క్రయ దస్తావేజులు రాసిన చేత్తో చెబుతున్నాను. దస్తావేజులో హద్దుల తరువాత అంత ముఖ్యమైనది ప్రతిఫలం, అంటే కొన్నవారు అమ్మినవారికి ముట్టజెప్పినది. ఇక్కడ గిన్నె వెదర్‌బర్న్‌ది. రాసి ఇచ్చిన రాండాల్ఫ్‌దీ కాదు, రాయించుకున్న జెఫర్సన్‌దీ కాదు. తనది కాని గిన్నెను జెఫర్సన్ ప్రతిఫలంగా ఎలా ఇస్తాడు? ఆ గిన్నెకు పట్టినంత పానీయాన్ని డబ్బిచ్చి తెప్పించి ఇవ్వగలడు, అంతే. ‘ఎడు’ ప్రత్యయం ఉన్నది ఆ పట్టినంతను చెప్పడానికే. చేరెడు నేల అన్నా, గంపెడు ఆశ అన్నా, కడివెడు పాలు అన్నా పాత్ర అక్కడే ఉండిపోతుంది, చేతులు మారేది అందులోని సరుకు. ‘గంగిగోవు పాలు గరిటెడైన చాలు’ అని వేమన అన్నప్పుడు మనకు గరిట కనబడదు, పాలే కనబడతాయి.

అకారాది:
లేఖరిగారూ, మీ వాదంతో తరువాత తలపడతాను కానీ, ముందు ఆ పద్యపాదాన్ని సరిచేయనివ్వండి. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు రావాలి. ‘గరిటెడైన చాలు’ అని చదివితే ‘గరిటెడై’ తరువాత మిగిలే ‘న చాలు’ ఏ ఇంద్రగణమూ కాదు. ‘గరిటెడైనను చాలు’ అంటే నగమూ సలమూ చక్కగా కుదురుతాయి. బడి గోడల మీద రాసే పద్ధతికి అలవాటుపడి ఆ ‘ను’ను మనం పోగొట్టుకున్నాం. రెండవ పాదంలో ‘కడివెడైననేమి’ అన్నచోట ఏ లోటూ లేదు.

ఇక అసలు విషయం. ‘ఎడు’ సామాన్యమైన కొలతను చెబుతుందే గాని, ఫలానా పాత్ర అని వేలు పెట్టి చూపదు. ‘మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద చేరెడు’ అని ఎవరూ అనరు. వేమన కూడా ఏదో ఒక గరిటెడు అన్నాడు కానీ, ఫలానావారి వంటింట్లోని పెద్ద గరిటెడు అనలేదు. ఆ పత్రంలోనేమో యజమాని పేరుతో సహా గిన్నెను గుర్తుపట్టేలా చెప్పారు. కాబట్టి ‘వెదర్‌బర్న్ గిన్నెల్లోకెల్లా పెద్దదాని నిండా పంచ్’ అని విప్పి రాయాలే తప్ప, ఆ భారమంతా ‘డు’ మీద మోపకూడదు.

రివన్నా తీరం:
పాదం సరిచేసినందుకు కృతజ్ఞతలు. తప్పుగానే ఇన్నేళ్ళూ చదివాను.

ఆ గిన్నెను అంత పట్టుగా ఎందుకు పేర్కొన్నారో ఆ ఇద్దరి మధ్య ఉన్న సంబంధాన్ని చూస్తే అర్థమవుతుందని నా నమ్మకం. 1708లో పుట్టిన పీటర్‌కు పెద్ద చదువు లేదు. తండ్రి చదువును ఎవరూ పట్టించుకోలేదని, అయినా ఎంతో చదివి తనను తాను తీర్చిదిద్దుకున్నాడని కొడుకు థామసే తరువాత రాశాడు. నేల కొలిచే పనిలో పేరు తెచ్చుకుని, 1735లో రివన్నాకు ఒక ఒడ్డున 1,000 ఎకరాలు పట్టా పొందాడు. ఇల్లు కట్టుకోవడానికి అనువైన చోటు మాత్రం అవతలి ఒడ్డున, రాండాల్ఫ్ అప్పుడే పట్టా చేయించుకున్న 2,400 ఎకరాలలో ఉంది. పంచ్‌కు చేతులు మారినవి ఆ 200 ఎకరాలు. 1739లో పీటర్ పెళ్ళాడిన జేన్ రాండాల్ఫ్ ఈ విలియంకు దగ్గరి చుట్టం. ఆమె లండన్‌లో పుట్టింది. అక్కడి షాడ్‌వెల్ పేటనే తలుచుకుని రివన్నా ఒడ్డున కట్టిన ఇంటికి ఆ పేరు పెట్టుకున్నారు. థామస్ 1743లో పుట్టింది ఆ ఇంట్లోనే. 1745లో రాండాల్ఫ్ చనిపోతూ, తల్లి కూడా లేని తన పిల్లలను, టకహో తోటను పీటర్ చేతుల్లో పెట్టాలని వీలునామాలో రాశాడు. పీటర్ తన ఇల్లు వదిలి, కుటుంబాన్నంతా తీసుకుని వెళ్ళి, ఏడేళ్ళ దాకా అక్కడే ఉండి ఆ మాట నిలబెట్టాడు. అంతటి స్నేహితులు రాయించుకున్న వెల అది. వాళ్ళకు ఆ గిన్నె తెలుసు, దాని ముందు కూర్చున్న సాయంత్రాలు తెలుసు. ఇలా చూస్తే అకారాదిగారి ‘ఫలానా గిన్నె’ వైపు కొంత మొగ్గుతున్నాను.

ఒక అనువాదకురాలు:
‘డు’ సంగతి మీరు తేల్చండి. నన్ను బాధపెడుతున్నది ‘సారా’. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం తరువాత, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించిన తరువాత, ఆ మాట తెలుగు చెవికి ప్యాకెట్టుగానూ, ఖాళీ అయిన బియ్యపు డబ్బాగానూ, దెబ్బలు తిన్న ఇల్లాలిగానూ వినిపిస్తుంది. విలియమ్స్‌బర్గ్‌లో అరక్ అటువంటిది కాదు. బటావియాలో (ఇప్పటి జకార్తా) చెరకు మడ్డి, బియ్యం కలిపి దించినదో, గోవాలో కొబ్బరికల్లు నుంచి దించినదో, ఓడలో సగం ప్రపంచం చుట్టి అక్కడికి చేరేది. వెస్టిండీసు నుంచి వచ్చే రమ్ము చవకగా దొరికేచోట అరక్ పోయించడం అంటే మర్యాద చేయడమే. దాన్ని ‘సారా’ అంటే మాటకు మాట సరిపోతుంది గాని, ఆ మర్యాద తలకిందులవుతుంది. ‘అరక్’ అనే ఉంచి, పక్క వాక్యంలో అది ఎంత దూరం నుంచి వచ్చిందో చెబితే చాలు.

రేపల్లె మాస్టారు:
అమ్మా, మీరు గోవా దాకా వెళ్ళారు కాబట్టి, నేను మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న నిజాంపట్నం దాకా రమ్మంటాను. ఇంగ్లీషు రాతల్లో ‘పంచ్’ అనే పానీయం పేరు కనబడే అతి పాత చోటు 1632లో రాబర్ట్ ఆడమ్స్ రాసిన ఉత్తరం. అది చేరవలసింది పెటపోలిలోని వర్తకుడు థామస్ కాలీకి. ఇంగ్లీషువాళ్ళు పెటపోలి అన్నది మన పెద్దపల్లినే, అంటే నిజాంపట్నాన్నే. 1611లోనే అక్కడ వాళ్ళు వర్తకశాల పెట్టారు. నేను ఆ రేవుకు వెళ్ళినప్పుడల్లా, ఉప్పుగాలిలో వలలు ఆరబెట్టే ఆ ఇసుక మీద నిలబడి, ఆ ఉత్తరం ఇక్కడికే వచ్చింది కదా అనుకుంటాను. పంచ్ అంటే ఐదు వస్తువుల కలయిక అని అందరూ చెప్పేదే. హిందీలో ఐదును ‘పాంచ్’ అని దీర్ఘంతో పలుకుతారు. మనకు పంచామృతం, పంచలోహం, పంచాంగం అన్నీ హ్రస్వమే. ఈ తీరంలో విన్న ‘పంచ’ నుంచే ఆ మాట ఇంగ్లీషులోకి ఓడెక్కిందని, శతాబ్దం తరువాత వర్జీనియా క్రయపత్రంలో దిగిందని నా సిద్ధాంతం.

అకారాది:
మాస్టారూ, ఆ ఉత్తరం ప్రసక్తి తెచ్చినందుకు నమస్కారం. సిద్ధాంతానికి మాత్రం రెండు అడ్డంకులున్నాయి. మొదటిది ఆ మాటలోని మొదటి స్వరమే. ఇంగ్లీషులో దాన్ని ఉకారంతో రాస్తారు. 17వ శతాబ్దం మొదటి సగంలో ఆ అక్షరాన్ని చాలామంది ‘పుంచ్’ అన్నట్టే పలికేవారు, ఇప్పటి అకారం వంటి పలుకుబడి అప్పుడప్పుడే స్థిరపడుతోంది. పండితుణ్ణీ పంజాబునూ బంగళానూ ఇంగ్లీషువారు ఉకారంతోనే రాశారు కదా అని మీరు అంటారు. ఆ రాతలు పలుకుబడి మారాక వ్యాపించినవి. ‘పుంచ్’ అయితే పెద్ద పీపాకు ఉన్న ‘పంచన్’ అనే పేరు నుంచి ఓడ మనుషులు కుదించుకున్నారన్న వాదానికీ చోటు దొరుకుతుంది.

రెండవది లెక్క. 1638లో సూరతుకు వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో ‘పాలెపుంట్స్’ అని రాసి, మద్యం, పన్నీరు, నిమ్మరసం, పంచదార అని నాలుగే చెప్పాడు. ‘బౌల్ ఆఫ్ పంచ్’ అన్న మాటే ఆయన చెవిలో అలా పడింది. 1653లో ఒక ఫ్రెంచి యాత్రికుడు అదే మాటను ‘బోల్‌పోంజ్’ అని రాసి, పంచదార, నిమ్మరసం, మద్యం, జాపత్రి, కాల్చిన బిస్కెట్టు అని ఐదు చెప్పాడు. ఐదు అనే అర్థం పేరుతోపాటు పుట్టిందా, తరువాత ఎవరో అతికించారా అన్నది ఇక్కడే తేలాలి. ఒకటి గమనించండి: విదేశీయుల చెవికి గిన్నె, పంచ్ అన్న రెండు మాటలూ కలిసి ఒకే మాటగా వినబడ్డాయి. గిన్నె లేని పంచ్ లేదు.

రేపల్లె మాస్టారు:
ఫ్రయర్ అనే వైద్యుడు 1670లలో మన దేశం తిరిగి, ఆ మాటను ‘పాంచ్’ అన్నట్టు రాసి, హిందుస్థానీలో ఐదు అని అర్థం కూడా చెప్పాడు. అకారం విన్న చెవులు ఆనాడే ఉన్నాయి. ఇక నాలుగా ఐదా అంటే, పంచామృతంలో కొబ్బరినీళ్ళు కలిపినా, అరటిపండు కలిపినా మనం పేరు మార్చుకోలేదు.

తెనాలి దస్తావేజు లేఖరి:
అకారాదిగారు తమ వాదాన్ని తామే నాకు అప్పగించారు. గిన్నె, పంచ్ కలిసి ఒకే మాట అయితే గిన్నె అక్కడ కొలతే. ‘పెద్ద’ అన్న విశేషణం ‘గిన్నెడు’లోని గిన్నెకు అన్వయించదన్నారు. మా ఇంట్లో ‘పెద్ద చెంబెడు మజ్జిగ ఇవ్వండి’ అంటే మా అమ్మ పెద్ద చెంబునే వెతికి తెచ్చేది గాని, మజ్జిగను పెద్ద చేయలేదు. ‘వెదర్‌బర్న్ పెద్ద గిన్నెడు అరక్ పంచ్’ అంటే తెలుగువాడు తడబడడు. ఇంకొక మాట. పీటర్ జెఫర్సన్ హద్దులు గీసిన మనిషి. 1749లో జాషువా ఫ్రైతో కలిసి వర్జీనియా, నార్త్ కరోలినాల సరిహద్దు గీతను అడవుల్లోకి పొడిగించాడు, 1751లో ఇద్దరూ కలిసి వర్జీనియా పటం గీశారు. అటువంటివాడు తన పత్రంలో కొలతను వదులుగా రాయనివ్వడు. అతి పెద్ద గిన్నె అన్నది కొలత తేడా రాకుండా చూసుకున్న జాగ్రత్త.

ఒక అనువాదకురాలు:
ఆ ఫ్రై 1754లో దండయాత్రలో చనిపోయాక, ఆల్బమార్లె కౌంటీ మిలీషియా పెద్దరికం పీటర్‌కు వచ్చింది. ఆ హోదాను ‘కౌంటీ లెఫ్టినెంట్’ అంటారు. పాత అనువాదాల్లో దాన్ని చూసి చిన్న అధికారి అనుకుని రాశారు. నిజానికి కౌంటీలో ఆయుధం పట్టగల వాళ్ళందరి మీదా అధికారి అతనే, జనం కల్నల్ అని పిలిచేవారు.

దానికన్నా పెద్ద తప్పు మరొకటి ఉంది. 1757 ఆగస్టు 17న పీటర్ 49వ ఏట చనిపోయేనాటికి అతనికి ఏడు వేల పైచిలుకు ఎకరాలు, 60 మందికి పైగా బానిసలు ఉన్నారు. పదిమంది పిల్లల్లో బతికిన ఎనిమిది మందికీ వీలునామాలో పంచి పెట్టింది నేలను మాత్రమే కాదు, ఆ మనుషులను కూడా. పద్నాలుగేళ్ళ థామస్‌కు తండ్రి పుస్తకాలు, కొలత పరికరాలు, చెర్రీ చెక్క రాతబల్ల, వాటితోపాటు సానీ అనే మనిషి వచ్చారు. రాతబల్ల ఉన్న వాక్యంలోనే ఆ మనిషి కూడా ఉన్నాడు. ఇటువంటి చోట కొందరు అనువాదకులు ‘పాలేరు’ అని రాస్తారు. పాలేరు ఏడాదికి ఇంత గింజ అని మాట్లాడుకుని కుదురుతాడు, ఉగాదికి వేరే కమతం చూసుకుంటాడు. సానీకి ఉగాది లేదు. దయచేసి అక్కడ ‘బానిస’ అనే రాయండి. ఆ 200 ఎకరాల వెల గిన్నెడా, గిన్నెనా అని మనం తూకం వేస్తున్నప్పుడు, ఆ నేలలో పొగాకు మొక్క నాటిన చేతుల పేరు కూడా సరిగ్గా ఉండాలి.

అకారాది:
ఒప్పుకుంటున్నాను. ‘పాలేరు’ నేనూ ఒకచోట రాశాను, దిద్దుకుంటాను. ‘పెద్ద చెంబెడు’ దగ్గర లేఖరిగారి అమ్మగారితో వాదించలేను. ‘అన్నిటికన్నా పెద్ద చెంబెడు’ అని ఆవిడ ఎప్పుడైనా అన్నారా అన్నదే నా ప్రశ్న. అతిశయం చేరాక కూడా ‘ఎడు’ నిలుస్తుందని ఒక్క పాత ప్రయోగం చూపండి.

రివన్నా తీరం:
మొన్న శనివారం ఇక్కడి మ్యూజియంలో ఆ కాలపు పంచ్ గిన్నె ఒకటి చూశాను. చైనా పింగాణీ, తెలుపు మీద నీలి పూలు. రెండు చేతులూ చాపితే తప్ప అందదు, అడుగున పువ్వు మధ్య చిన్న నెర్రె. దాన్ని చూశాక ‘గిన్నె’ అనడానికే నోరు రావడం లేదు. మా అమ్మమ్మ పెళ్ళిళ్ళలో పులుసు కలిపే గంగాళం గుర్తొచ్చింది. పళ్ళెం ‘పళ్ళెడు’ అయినట్టు, గంగాళం ‘గంగాళెడు’ అవుతుందా? మీ ఇళ్ళలో ఎవరైనా అనగా విన్నారా?