మా నూనె సీసాకి నకలు దిగింది. పేరు కాపాడుకోవడంలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అంబాజీపేట_గానుగ:
అందరికీ నమస్కారమండి. అమ్మా నేనూ కలిసి కొబ్బరి నూనె గానుగ నడుపుతున్నాం. కాయ మేమే కొని, చిప్పలు ఎండబెట్టి, బూజు చుక్క కనబడ్డ చిప్పనల్లా పక్కకి తీసేశాకే గానుగలో వేస్తాం. ఆకుపచ్చ మూత, పసుపు లేబుల్, మధ్యలో కొబ్బరి గెల బొమ్మ. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు కొట్లలో జనం పేరు పెట్టి అడిగేదాకా వచ్చింది.

ఈమధ్య అదే ఆకుపచ్చ మూత, అదే పసుపుతో ఇంకో సీసా దిగింది. పేరులో ఒక్క అక్షరం తేడా. రేటు మాకన్నా తక్కువ. మొన్న రాజోలు నుంచి ఒకావిడ ఫోన్ చేసి "మీ నూనె ముక్క వాసన వస్తోందేంటమ్మా, ఇదివరకు ఇలా ఉండేది కాదు" అన్నారు. సీసా ఫొటో పంపించమంటే చూశాం, అది మాది కాదు. అమ్మకం తగ్గినా తట్టుకుంటాం గానీ, ఆవిడ మనసులో మా పేరు పాడైపోయిందే అని రెండు రోజులు అమ్మ సరిగ్గా అన్నం తినలేదు.

పెద్ద కంపెనీలకి ఇది రోజూ ఉండే తలనొప్పే కదా. వాళ్లేం చేస్తారు? అందులో మనలాంటి చిన్నవాళ్లకి పనికొచ్చేది ఏది?

పాలకొల్లు_స్టాకిస్ట్:
అమ్మా, చాలా ఏళ్లుగా పెద్ద కంపెనీల సరుకు కొట్లకి వేస్తున్నాను. నేను చూసింది చెబుతాను. వాళ్లు కోర్టుకి వెళ్లేది ఆఖర్న. నకలు చెయ్యడానికి కష్టంగా ఉండేలా ముందు డబ్బాని మారుస్తారు.

పారాషూట్ సంగతే తీసుకోండి. ఒకప్పుడు కొబ్బరి నూనె అంతా రేకు డబ్బాల్లోనే వచ్చేది. ప్లాస్టిక్‌లోకి మారుద్దామంటే కొట్టువాళ్లు వద్దన్నారు. అంతకుముందు ఎవరో చదరం సీసాల్లో తెస్తే నూనె కారి, ఆ వాసనకి ఎలుకలు చేరి సీసాలు కొరికేశాయట. పారాషూట్ తయారుచేసే మారికో వాళ్లు సీసాని గుండ్రంగా చేశారు, ఎలుక పన్నుకి అంచు దొరకదు. ఎలుకలున్న బోనులో ఆ సీసాలు పెట్టి చూపించి కొట్టువాళ్లని ఒప్పించారు. ఆ నీలం సీసా ఇవాళ కొట్టు చివర నుంచి చూసినా తెలిసిపోతుంది. చదువు రాని ముసలమ్మ కూడా రంగు చూసి చెయ్యి చాపుతుంది. వాళ్ల బలమంతా అక్కడుంది.

రెండోది క్యాడ్‌బరీ. 2003లో మహారాష్ట్రలో డెయిరీ మిల్క్‌లో పురుగులు కనబడ్డాయని పెద్ద గొడవైంది. కొట్లలో నిల్వ సరిగ్గా లేకే అలా జరిగిందని కంపెనీ వాదన. వాదనతో ఊరుకుంటే మునిగిపోయేవాళ్లు. 2004 మొదట్లోనే గాలి చొరబడకుండా సీలు వేసిన కొత్త ప్యాకింగు తెచ్చారు, అమితాబ్ బచ్చన్‌తో ప్రకటనలు ఇప్పించారు, చాక్లెట్ ఎక్కడ ఎలా పెట్టాలో కొట్టువాళ్లకి నేర్పించారు. కొట్టులో జరిగిన తప్పుకి కూడా చెడ్డపేరు సీసా మీదున్న పేరుకే వస్తుంది. అందుకని కొట్టులో ఏం జరుగుతుందో కూడా మన పనే అనుకోవాలి.

మీకు నా సలహా: మూత, మెడ కలిపి పట్టేసేలా మీ పేరు ప్రింటు చేసిన సీలు వేయించండి. సొంత అచ్చుతో మూత చేయించడం ఇప్పుడే మోయలేరు.

ధవళేశ్వరం_పాతకాపు:
మా ఊళ్లో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉన్న సంగతి గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. లెక్కల విభాగాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

2020 ఏప్రిల్‌లో అప్పటిదాకా హార్లిక్స్ తయారుచేసిన జీఎస్‌కే కన్స్యూమర్ కంపెనీ హిందుస్తాన్ యూనిలీవర్‌లో కలిసిపోయింది. ఫ్యాక్టరీలు, సరుకు, సిబ్బంది అన్నీ షేర్ల మార్పిడి లెక్కలో వెళ్లాయి. భారతదేశంలో హార్లిక్స్ అనే పేరు మాత్రం లండన్‌లోని మాతృసంస్థ చేతిలో ఉండేది. దాన్ని యూనిలీవర్ విడిగా కొనుక్కుంది. పేరు ఒక్కదానికి కట్టింది సుమారు 3,045 కోట్ల రూపాయలు. గోడలు లేవు, యంత్రాలు లేవు, ఒక్క సంచి మాల్ట్ కూడా లేదు. జ్వరం వచ్చి లేచిన పిల్లాడికి తల్లి కలిపిచ్చేది అదే అన్న నమ్మకానికి కట్టిన ధర అది.

ఇంకో సంగతి. మన లెక్కల నిబంధనల ప్రకారం కంపెనీ సొంతంగా పెంచుకున్న పేరుని ఆస్తిగా పుస్తకాల్లో రాయకూడదు. ఇంకొకరి దగ్గర కొంటేనే రాయాలి. అందుకని అమ్మాయీ, మీ గానుగ, ఎడ్లు, షెడ్డు లెక్కకొస్తాయి గానీ మీ అమ్మగారు ఇన్నాళ్లూ ఏరి పారేసిన బూజు చిప్పలు ఏ పుస్తకంలోనూ కనబడవు. బ్యాంకువాళ్లు కూడా అడగరు. అలాగని దానికి విలువ లేదనుకోకండి. నకలువాడు మీ షెడ్డుని ఎందుకు కాపీ కొట్టలేదో, లేబుల్‌నే ఎందుకు కొట్టాడో ఆలోచించండి.

రాజమండ్రి_మార్కులు:
ట్రేడ్‌మార్కు దరఖాస్తుల పని చేస్తుంటాను. మీ పేరులో "కోనసీమ" అన్న మాట ఉందా? ఉంటే ఆ మాట ఒక్కదాన్నే రిజిస్టర్ చేయించుకోవడం దాదాపు కుదరదు. ఊరి పేరు, సరుకు పేరు అందరివీ. మీ సొంత పేరు, గెల బొమ్మ, రంగులు కలిపి లేబుల్ మొత్తాన్ని మార్కుగా పెట్టండి. ట్రేడ్‌మార్కు లెక్కలో సరుకుల్ని తరగతులుగా విడదీస్తారు: వంట నూనె 29వ తరగతిలోకి, తలనూనె 3వ తరగతిలోకి వస్తాయి. రెండూ అమ్ముతుంటే రెండింటిలోనూ పెట్టాలి. వ్యక్తులకి, చిన్న పరిశ్రమలకి ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు ఫీజు. మనకి చెన్నై ఆఫీసు. మీ దరఖాస్తుని ట్రేడ్‌మార్కు జర్నల్‌లో ప్రచురించాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది. రిజిస్టర్ అయితే పదేళ్లు, ఆపైన పదేసి ఏళ్లకి పొడిగించుకుంటూ పోవచ్చు. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన "టీఎం" వేసుకోండి. వృత్తంలో ఉండే "ఆర్" మాత్రం రిజిస్టర్ కాకుండా వేస్తే అది నేరం.

ఇంకా రిజిస్టర్ కాలేదని దిగులుపడకండి. వాడకంలో ముందున్నవాళ్లకి చట్టంలో రక్షణ ఉంది. మీ సరుకే అనుకుని జనం మోసపోయేలా ఇంకొకడు అమ్ముతుంటే రిజిస్ట్రేషన్ లేకపోయినా దావా వేయొచ్చు. దానికి కావాల్సింది రుజువులు. మొదటి లేబుళ్లు అచ్చేయించిన ప్రెస్సు బిల్లు, పాత అమ్మకం బిల్లులు, ఆ రాజోలు ఆవిడ పంపిన ఫొటో, అన్నీ దాచండి.

"ఒక్క అక్షరం తేడా ఉంది కదా" అని అవతలివాడు అంటాడు. పార్లే కంపెనీకి, మైసూరులోని ఒక బిస్కట్ కంపెనీకి నడిచిన కేసులో 1972లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఒక రేపరు మీద పశువులు, కోళ్ల మధ్య నీళ్ల బిందెతో అమ్మాయి, రెండోదాని మీద గడ్డిమోపుతో అమ్మాయి. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతక్కూడదు, మామూలు మనిషికి మొదటిది లీలగా గుర్తుండగా రెండోది చూస్తే పొరబడతాడా లేదా అన్నదే చూడాలంది. రంగుల సంగతికొస్తే, ఎరుపు తెలుపు పళ్లపొడి డబ్బా విషయంలో 2003లో ఢిల్లీ హైకోర్టు కోల్గేట్ పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. మీ ఆకుపచ్చ మూత, పసుపు లేబుల్ చిన్న సంగతేం కాదు.

ఆత్రేయపురం_రేకు:
పైన ఊరి పేరు గురించి రాసింది మా అనుభవం కూడా. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అన్న భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఊరంతా పండగ చేసుకున్నాం. కుండ బోర్లించి కింద మంట పెట్టి, గుడ్డని జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో ముంచి ఒక్క లాగు లాగితే వచ్చే రేకు అది. ఆ పొగలో కూర్చుని చేసే ఆడవాళ్ల చేతికి ఇన్నాళ్లకి కాగితం మీద గుర్తింపు వచ్చింది.

కానీ జీఐ ఎవరి సొంతమూ కాదండి. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసేవాళ్లందరిదీ. అధీకృత వాడుకరిగా ఎవరికి వాళ్లు నమోదు చేయించుకోవాలి కూడా. బయటివాడు ఎక్కడో చేసి మా ఊరి పేరు అంటించకుండా అది ఆపుతుంది. మా వీధిలోనే ఒకరు నెయ్యి బదులు డాల్డా రాస్తే, నా రేకుకీ వాళ్ల రేకుకీ తేడా కొనేవాళ్లకి చెప్పేది నా పెట్టె మీదున్న నా పేరే. రెండూ కావాలి.

తణుకు_కిరాణా:
అందరూ కంపెనీ వైపు నుంచే రాశారు. గల్లా దగ్గర కూర్చునేవాడి మాట కూడా వినండి. నకలు సీసా షెల్ఫ్ ఎక్కేది కొట్టువాడు ఒప్పుకుంటేనే. వాడికి దాని మీద మార్జిన్ ఎక్కువ మిగులుతుంది, డబ్బు అమ్మాకే ఇమ్మంటారు, పాతబడితే వెనక్కి తీసుకుంటారు. మీ మనిషి నెలకోసారి వచ్చి సరుకు దింపి వెళ్లిపోతుంటే మీ గురించి కొట్టువాడు ఎందుకు ఆలోచిస్తాడు? ఐదు రూపాయల పార్లే-జీ మీద మాకు మిగిలేది పైసల్లోనే. అయినా లేదనకుండా పెడతాం, ఎందుకంటే అది లేకపోతే మనిషి పక్క కొట్టుకి పోతాడు. ధర పెంచకుండా బరువు తగ్గించుకుంటూ వచ్చినా ఆ పేరు అలా నిలబడింది.

మీరు రేటు తగ్గించి పోటీకి దిగకండమ్మా. ఒకసారి తగ్గిస్తే మళ్లీ పెంచలేరు. నకలువాడు ఇంకా తగ్గిస్తాడు.

ఆ సీసా వెనకవైపు చదివారా? తయారీదారు పూర్తి చిరునామా, తయారీ నెల, నికర పరిమాణం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. వంట నూనె అయితే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. లేకపోతే తూనికలు కొలతల శాఖకి, ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకి రాయండి. కోర్టు కన్నా అది త్వరగా కదులుతుంది.

అంబాజీపేట_గానుగ:
ఎంత మేలు చేశారండీ అందరూ. తణుకు బాబాయ్ గారు చెప్పాక ఆ సీసా కొని తెచ్చి చూశాను. చిరునామా దగ్గర "కోనసీమ, ఆంధ్రప్రదేశ్" అని మాత్రమే ఉంది, ఊరు లేదు. 14 అంకెల నంబరు ఉంది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సైటులో కొట్టి చూస్తే మా నంబరు కాదు, నూనెకి సంబంధం లేని ఇంకెవరిదో. లోపల నూనె తెల్లగా నీళ్లలా ఉంది, మా నూనెకుండే వేయించిన కొబ్బరి వాసన అసలు లేదు.

రాజమండ్రి_మార్కులు:
ఇంకెవరిదో నంబరా! అయితే మీ పని సగం తేలికైంది. సీసా మూత తీశారు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, ఇంకో రెండు సీసాలు బిల్లుతో సహా కొనండి, తెరవకండి. సైటులో కనబడిన వివరాలు తేదీ కనిపించేలా ప్రింటు తీసి పెట్టుకోండి. ఫుడ్ సేఫ్టీ వాళ్లకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. లేబుల్ దరఖాస్తు ఈ వారంలోనే పెట్టేద్దాం. ఎప్పటి నుంచి వాడుతున్నారో మొదటి బిల్లు తేదీతో రాయాలి, ప్రమాణ పత్రం కూడా జత చేయాలి.

పాలకొల్లు_స్టాకిస్ట్:
సీలు ప్రింటు నేను మాట్లాడతాను. నా బీటులో ఉన్న కొట్లకి నేనే తిరిగి అసలు సీసా, నకలు సీసా రెండూ చూపిస్తాను. ఆ రాజోలు ఆవిడకి మాత్రం మీరే ఒక సీసా పంపించండి, డబ్బు తీసుకోకుండా.

అంబాజీపేట_గానుగ:
నిన్ననే అమ్మ స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి వచ్చిందండి. లేబుల్ ఫొటోలు, ప్రెస్సు బిల్లు రాజమండ్రి వారికి ఇప్పుడే పంపిస్తున్నాను. తలనూనె సీసాలు కూడా అమ్ముతాం, కాబట్టి రెండు తరగతుల్లోనూ పెట్టేయండి.