సమస్య: చంపినప్పుడె ద్రాక్షకు జన్మ గలిగె

నిర్వాహకుడు: ఛందస్సు తేటగీతి. ప్రాస అక్కర్లేదు, యతి తప్పదు. వస్తువు: సూపర్‌మార్కెట్ కింది అరలో చవగ్గా దొరికే పోర్టు, షెర్రీ లాంటి స్పిరిట్ కలిపిన వైన్లు. పాదం వింతగానే ఉంది. పూరణలో మాత్రం తయారీ తప్పకూడదు.

గరళకంఠుడు:

సగము చక్కెర మిగులగా జాలి లేక
ద్రాక్ష సారాయి పోయగా తల్లడిల్లి
ఈస్టు చచ్చెను, పోర్టుగ నీ విధమున
చంపినప్పుడె ద్రాక్షకు జన్మ గలిగె

నిర్వాహకుడు: స–జ, ద్రా–త, ఈ–నీ, యతులన్నీ చెల్లాయి. భేష్. లెక్క కూడా సరే. పోర్చుగల్ దోరో లోయలో పాత కొలత ప్రకారం పులుస్తున్న రసం 435 లీటర్లు, 77 శాతం ఆల్కహాలున్న ద్రాక్ష స్పిరిట్ 115 లీటర్లు, వెరసి 550 లీటర్ల పీపా. మత్తు 20 శాతం దగ్గర తేలుతుంది. ఈస్టు తినకుండా వదిలిన చక్కెర లీటరుకు సుమారు 100 గ్రాములు. బయటి నుంచి చక్కెర వేస్తారనుకోవడం పొరపాటు.

పోపుగింజ: మరి చౌక రూబీ, అదే ఎర్రటి కుర్ర పోర్టు, గొంతులో అంత మండుతుందేమండీ?

గరళకంఠుడు: రెండు మూడేళ్ళకే సీసాకెక్కుతుంది కదండీ, స్పిరిట్ ఇంకా రసంలో కలిసిపోదు. పైగా వెచ్చగా తాగితే ముక్కుకు ముందు తగిలేది ఆల్కహాలే. ఫ్రిజ్‌లో ఓ గంట పెట్టి, 12–14 డిగ్రీల దగ్గర పోసుకుంటే మంట సగం తగ్గుతుంది. అసలు మోసపోయేది చౌక టానీ, అంటే గోధుమ ఛాయ పోర్టు దగ్గర. లేబుల్ మీద 10, 20 అని ఏళ్ళు లేకపోతే ఆ గోధుమ ఛాయ చూసి పీపాలో మాగిందనుకోవద్దు. లేతరంగు రసంతో చేసిన కుర్ర వైన్ కూడా అలాగే కనిపిస్తుంది. ఎండుపళ్ళ వాసన కోసం వెతికితే దొరికేది పాకం తీపే.

పొరతెర:

పైన తేలెడి తెలిపొర బ్రతుకలేదు
మత్తు పదియేడు పాళ్ళకు చేరినపుడు;
గాలి సోకగ నక్రోటు గంధమొలికె,
చంపినప్పుడె ద్రాక్షకు జన్మ గలిగె

నిర్వాహకుడు: ఊహ అన్నిటికన్నా బాగుంది, రెండో పాదంలో యతి పోయింది. ‘మ’కు ‘చే’ ఎలా చెల్లుతుంది? ‘మారినపుడు’ అనండి, అర్థం కాస్త పలచబడ్డా పాదం నిలుస్తుంది. చదువరుల కోసం ఒక మాట: ఇది షెర్రీ పూరణ, తెలిపొర అంటే వైన్ మీద పెరిగే ఈస్టు. షెర్రీలో రసం పూర్తిగా పులిసి చక్కెర అయిపోయాకే స్పిరిట్ పడుతుంది. 15 శాతం దగ్గర ఆపితే పొర బతికి, గాలి తగలనివ్వదు, అది ఫినో. 17 దాటిస్తే పొర చచ్చి, పీపాలో గాలి తగిలి నల్లబడేది ఒలోరోసో.

పోపుగింజ:

మంట తీపియు దప్ప నే మహిమ లేని
చౌక సీసాను పెనముపై సగము జేసి
వెన్న కలుపగ నిగనిగ వెలుగులీనె,
చంపినప్పుడె ద్రాక్షకు జన్మ గలిగె

గరళకంఠుడు: సీసాను పెనం మీద పెడితే పగులుతుందండీ! ‘సీసాది’ అంటే గణం అదే, గాజు క్షేమం. సగానికి మరిగిస్తే చాలదు కూడా. 200 మిల్లీలీటర్లు 50కి దిగాలి. ‘జాల మరగ’ అన్నా యతి చెల్లుతుంది.

పోపుగింజ: ఒప్పుకున్నాను. సవరించిన పాదం: చౌక సీసాది పెనముపై జాల మరగ. ఈ సాసు కొలతలివిగో. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ ఒకటి వేయించి, మంట ఆపి పోర్టు పోసి, మళ్ళీ వెలిగించాలి. గ్యాస్ వెలుగుతుండగా పోస్తే ఆవిరి అంటుకుంటుంది. 200 మిల్లీలీటర్లలో 20 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి చివర్లో అంచులు మాడతాయి, సెగ తగ్గించి గరిటెతో గీకుతూ ఉండాలి. తీపి విరగడానికి ఒక చెంచా వినిగర్. దించాక 25 గ్రాముల చల్లని వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేసి తిప్పాలి. మళ్ళీ మరిగిందా, వెన్న విడిపోయి నూనె తేలుతుంది.

నిర్వాహకుడు: ఇది పూరణో వంటో తేల్చుకోలేక రెంటికీ మార్కులు వేశాను. స్పిరిట్ కలిపే మరో వైన్, మదీరా దీవిది, ఎవరూ ముట్టుకోలేదేం? అక్కడ చవక రకాన్ని 45–50 డిగ్రీల వేడిలో కనీసం 3 నెలలు ఉంచుతారు. ఈ పాదానికి అంతకన్నా సూటి పూరణ ఉండదు. ‘మ’తో మొదలెడితే యతికి మాటలు బోలెడు, పొరతెర గారూ.