బాబుకు 18 నిండుతున్నాయి: సర్టిఫికెట్, గార్డియన్‌షిప్, పెన్షన్‌లలో ఏది ముందు?

లక్ష్మి, నరసరావుపేట:
మా బాబుకు వచ్చే నెల 18 నిండుతాయి. బుద్ధిమాంద్యం. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది కానీ తాత్కాలికం అని రాశారు. బ్యాంకులో మైనర్ ఖాతా నా పేరు మీద నడుస్తోంది. మేజరయ్యాక కోర్టు ఆర్డరు తెమ్మంటున్నారు. వాడు సంతకం చేయలేడు. మావారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బాబుకు ఆరు వేల పింఛను వస్తుందా? మా తదనంతరం వాడికి ఆధారం ఏమిటి? తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాటి_రవి:
లక్ష్మి గారూ, ముందు సర్టిఫికెట్ సంగతి చూడండి. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. బుద్ధిమాంద్యం సర్టిఫికెట్‌ను 5, 10, 18 ఏళ్లప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. 18 నిండాక ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. అందుకే పుట్టినరోజుకు ముందు వైద్య పరీక్షకు స్లాట్ తీసుకోకండి, మళ్లీ తాత్కాలికమే చేతికొస్తుంది. పుట్టినరోజు దాటాక సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం స్లాట్ బుక్ చేయండి. పాత సర్టిఫికెట్, ఆధార్, స్కూలు రికార్డు, గతంలో చేసిన ఐక్యూ పరీక్ష కాగితాలు వెంట ఉంచుకోండి. సైకాలజిస్టు రోజువారీ పనుల గురించి మిమ్మల్నే అడుగుతారు. స్నానం, బట్టలు, డబ్బు లెక్క, ఒంటరిగా బయటికెళ్లడం, వీటిలో ఏది చేయగలడో, ఏది చేయలేడో ఉన్నదున్నట్టు చెప్పండి. మొహమాటపడి 'అన్నీ చేసుకుంటాడు' అంటే స్కోరు మారిపోతుంది.

శాతం పెంచిస్తామని ఎవరైనా వస్తే దగ్గరికి రానీయకండి. మధ్యస్థ స్థాయికి 75, తీవ్ర స్థాయికి 90 అని కొలమానంలోనే ఉంది. మధ్యలో 80 అనే అంకె లేదు.

ఇక ఆరు వేల గురించి. రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగులకు 40 శాతం చాలు, కానీ ఇంట్లో ప్రభుత్వ పెన్షనరు ఉంటే పరిశీలనలోనే ఆగిపోతుంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మీకు వేరే దారి ఉంది, అది దీనికన్నా గట్టిది.

కలెక్టరేట్ మెట్లు:
బ్యాంకువాళ్లు చెప్పింది సగమే నిజం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఈ నాలుగింటికీ జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీయే గార్డియన్‌షిప్ (సంరక్షకత్వ) సర్టిఫికెట్ ఇస్తుంది. ఈ సర్టిఫికెట్‌ను అంగీకరించమని రిజర్వ్ బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. కౌంటరులో కాదంటే మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి, తిరస్కరిస్తే కారణం రాసివ్వమని అడగండి. స్కిజోఫ్రెనియా లాంటి మానసిక వ్యాధులకు మాత్రం ఈ కమిటీ వర్తించదు. బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి రెండూ ఒకటే అనుకుని చాలామంది వెనక్కి తిరిగి వస్తున్నారు.

18 నిండేదాకా తల్లిదండ్రులే సహజ గార్డియన్లు కాబట్టి దరఖాస్తు ఆ తర్వాతే. మీరిద్దరూ ఉన్నారు గనక ఇద్దరూ కలిసే చేయండి. ఒక్కరి పేరుతో పెడితే రెండోవారు ఎందుకు లేరని అడుగుతారు. నేషనల్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు ఫారం-ఏ ఉంటుంది. జిల్లాలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో ఫైలు ఎక్కడుందో కనుక్కుంటూ ఉండండి. ఎక్కువ ఆలస్యం కమిటీ సమావేశం కోసం ఆగడంలోనే జరుగుతుంది.

సర్టిఫికెట్ వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. ఆరు నెలల్లో బాబు పేరున ఉన్న ఆస్తుల జాబితా, ఆపై ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు ఇవ్వాలి. ఏమీ లేకపోయినా 'లేవు' అని రాసివ్వాలి.

లక్ష్మి:
చాలా ధన్యవాదాలండీ. రవి గారూ, ఆ వేరే దారి ఏమిటి?

పల్నాటి_రవి:
ఫ్యామిలీ పెన్షన్. సొంతంగా జీవనోపాధి సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు అది జీవితాంతం వస్తుంది. మీవారి తర్వాత మీకు, మీ తర్వాత 25 ఏళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకు, ఆపైన బాబుకు. మామూలు రేటు చివరి బేసిక్‌లో 30 శాతం, కనీసం 9,000, దాని మీద డీఆర్ (కరువు భత్యం).

అసలు చేయాల్సిందేమిటంటే, మీవారు ఉండగానే బాబు పేరు పీపీవోలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) ఎక్కించుకోవడం. ఆయన పనిచేసిన ఆఫీసుకు దరఖాస్తు, శాశ్వత వైకల్య సర్టిఫికెట్, సంపాదించుకోలేడన్న వైద్య ధ్రువీకరణ పంపాలి. సర్టిఫికెట్ శాశ్వతమైతే మళ్లీ మళ్లీ అడగరు, తాత్కాలికమైతే ఐదేళ్లకోసారి కావాలి. మొదట స్లాట్ గురించి అంతగా చెప్పింది ఇందుకే. మీ ఇద్దరి తర్వాత పెన్షన్ ఎవరి చేతికివ్వాలో గార్డియన్‌ను నామినేట్ చేసే అవకాశం కూడా మీవారికి ఉంది. ఇది చేయకుండా పెద్దవాళ్లు పోతే, తోబుట్టువులు ఆఫీసుల చుట్టూ తిరిగి పాత కాగితాలు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఆధార్, సదరం, పీపీవో దరఖాస్తు మూడింటిలోనూ బాబు పేరు స్పెల్లింగు, పుట్టినతేదీ ఒకటే ఉన్నాయా? తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించండి, తర్వాతే స్లాట్.

తెనాలి_వాణి:
ఇంకొకటి లక్ష్మి గారూ, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా తీసుకోండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు, వయోపరిమితి లేదు, ముందస్తు వైద్య పరీక్షలూ లేవు. ఓపీ, మందులు, థెరపీ ఖర్చులకూ వర్తిస్తుంది. డబ్బు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేయాలి, కాబట్టి అసలు బిల్లులు, ప్రిస్క్రిప్షన్లు పారేయకండి. పాలసీ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకే. జనవరిలో చేరినా మార్చితో ముగిసిపోతుంది కనుక రెన్యువల్ మర్చిపోవద్దు.

రైల్లో బాబుకూ తోడు వెళ్లేవారికీ స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. దీనికి సదరం చూపిస్తే ఒప్పుకోరు. రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టరుతో సంతకం, ముద్ర వేయించి రైల్వే దివ్యాంగుల కార్డు తీసుకోవాలి. సదరం వైద్య పరీక్షకు వెళ్లిన రోజే ఆ ఫారం కూడా పట్టుకెళితే ఒక తిరుగుడు తగ్గుతుంది.